పలక పట్టే ముందు

ఒకటో తరగతిలో చేరే పిల్లలకు ముందుగా ఏమేం వచ్చి ఉండాలని అడిగితే ఎక్కువ మంది తల్లిదండ్రులు చెప్పేది ఒకటే: అఆలు, ఏబీసీడీలు, వంద దాకా అంకెలు. ఆ తరగతికి పాఠం చెప్పే టీచర్ల లెక్క వేరుగా ఉంటుంది. చెప్పింది విని పని మొదలుపెట్టడం, తన వంతు వచ్చేదాకా ఆగడం, ఒకటికి వెళ్ళాలని నోరు తెరిచి అడగడం, టిఫిన్ డబ్బా మూత తానే తీసుకుని తినడం, అమ్మ కనబడకపోయినా బెంగపడకుండా కొన్ని గంటలు గడపడం. ఇవి వచ్చిన పిల్లలకు అక్షరాలు నేర్పడం పెద్ద పని కాదు. అక్షరాలన్నీ వచ్చి ఇవి రాని పిల్లలతోనే చిక్కు.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళ లోపే జరిగిపోతుందని 2020 జాతీయ విద్యావిధానం చెబుతుంది. ఈ ఒక్క వాక్యాన్ని చాలా ప్లేస్కూళ్ళ కరపత్రాలు తమకు అనుకూలంగా వాడుకున్నాయి, ఎదిగే వయసులోనే వీలైనంత కూరేయాలన్నట్టు. ఆ విధానం చెప్పింది అది కాదు. మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా, అంటే అంగన్‌వాడీలోనో ప్రీస్కూలులోనో మూడేళ్ళు, ఒకటి రెండు తరగతుల్లో రెండేళ్ళు, మొత్తం ఐదేళ్ళను ఒకే పునాది దశగా చూడాలని, ఆ దశలో చదువంతా ఆట, మాట, పాట, చేతిపని మీదుగానే నడవాలని అది కోరింది. 2022 అక్టోబరులో ఈ దశ కోసం విడుదలైన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమూ ఇదే దారి పట్టింది. ఈ వయసులో నేర్చుకునేవాటికి ఒక వరస ఉంది. పెన్సిల్ కంటే ముందు చెయ్యి, అక్షరం కంటే ముందు చెవి, అంకె కంటే ముందు లెక్క సిద్ధం కావాలి. తెలుగు రాష్ట్రాల ఎల్‌కేజీ, యూకేజీల్లో తరచూ తలకిందులయ్యేది ఈ వరసే.

ముందుగా చెయ్యి. పుట్టిన బిడ్డ మణికట్టులో ఎముకలు ఇంకా ఎముకలు కావు, మెత్తటి మృదులాస్థి మాత్రమే. అక్కడి ఎనిమిది చిన్న ఎముకలు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి. ఆరేడేళ్ళకు చాలావరకు రూపు కడతాయి గాని చివరి ఎముక ఆ తర్వాత ఎప్పటికో గాని ఎక్స్‌రేలో కనబడదు. కండరాల మీద పట్టు కూడా భుజం దగ్గర మొదలై మోచేతికి, అక్కడి నుంచి మణికట్టుకు, చివరికి వేలి కొసలకు దిగుతుంది. ఏడాదిన్నర బిడ్డ చేతికి క్రేయాన్ ఇస్తే పిడికిట్లో బిగించి భుజమంతా ఊపుతూ గీస్తాడు. మూడేళ్ళు దాటాక మూడు వేళ్ళతో పట్టుకోవడం వస్తుంది, కాని వేళ్ళు కదలవు, చెయ్యి మొత్తంగా జరుగుతుంది. చెయ్యి బల్ల మీద ఆన్చి వేళ్ళు మాత్రమే ఆడిస్తూ రాయడం నాలుగున్నర, ఆరేళ్ళ మధ్య కుదురుకుంటుంది. గీసే ఆకారాలకూ ఇలాంటి క్రమమే ఉంది. కాస్త అటూ ఇటూగా రెండేళ్ళకు నిలువు గీత, మూడేళ్ళకు సున్న, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, ఆ తర్వాత చతురస్రం, ఐదేళ్ళ ప్రాంతంలో త్రిభుజం వస్తాయి.

ఈ క్రమాన్ని తెలుగు లిపి పక్కన పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. మన లిపి గుండ్రనిది, సున్న చుట్టడం మూడేళ్ళకే వస్తుంది కాబట్టి రాత తేలికగా రావాలి. కాని వర్ణమాలలో మొదట ఎదురయ్యే అక్షరాలే చేతికి కష్టమైనవి. 'అ' రాయాలంటే ఒక వంపులోంచి మరో వంపుకు తిరగాలి, 'ఇ', 'ఈ'లకు చెయ్యి ఎత్తకుండా దిశ మార్చాలి, 'ఋ' పెద్దవాళ్ళనే తిప్పలు పెడుతుంది. అదే సున్న మీద తలకట్టు పెడితే 'ర' అవుతుంది, దాని నడుమ చుక్క పెడితే 'ఠ' అవుతుంది. వర్ణమాల నోటి కోసం కూర్చిన వరస, శబ్దం గొంతులో పుట్టి పెదవుల దాకా వచ్చే తీరును పట్టి చూపే గొప్ప వరస. రాత కోసం కూర్చింది కాదు. అందుకే అనుభవమున్న టీచర్లు అఆలను నోటికి పాటలా ఉంచేసి, రాయించేటప్పుడు మాత్రం ఆకారాల పోలికను బట్టి అక్షరాలు ఎంచుకుంటారు.

బాసరలోనైనా ఇంట్లోనైనా అక్షరాభ్యాసం నాడు పిల్లల వేలు పట్టి బియ్యంలో దిద్దిస్తారు. పాత వీధిబడుల్లో ఇసుకలో దిద్దించేవారు. చేతి ఎదుగుదల తెలిసినవాళ్ళు కూర్చి పెట్టినట్టే ఉంటుంది ఈ పద్ధతి. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, అక్షరం జానెడంత ఉంటుంది, చెయ్యంతా కదులుతుంది, వేలికి గరుకు తగులుతుంది, తప్పు పోతే అరచేత్తో చదును చేస్తే సరి. పేచీ ఎక్కడంటే, మర్నాటి నుంచే ఆ చేతికి పెన్సిల్ ఇచ్చి నాలుగు గీతల నోటుబుక్కులో ఇరికిస్తారు. మూడేళ్ళకు పేజీల కొద్దీ కాపీ రైటింగ్ చేసిన పిల్లల్లో చాలామంది పెన్సిల్‌ను పిడికిలితో పట్టడానికి అలవాటు పడతారు. పదేళ్ళకు దాన్ని మాన్పించడం మొదట నేర్పడం కంటే కష్టం.

చేతిని సిద్ధం చేసే పనులు వంటింట్లోనే బోలెడున్నాయి. చపాతీ పిండి పిసికి ఉండలు చేయడం, చిక్కుడుకాయల ఈనెలు తీయడం, బఠాణీలు ఒలవడం, తడిగుడ్డ పిండడం, ఆరేసిన బట్టలకు క్లిప్పులు పెట్టడం, చొక్కా బొత్తాలు తానే పెట్టుకోవడం. ముగ్గు వేయడం వీటన్నిటిలో మేటి. బొటనవేలు, చూపుడువేలి నడుమ నుంచి పిండిని సన్నగా వదలాలంటే కావలసిన పట్టు దాదాపు పెన్సిల్‌ది. చుక్కలు కలిపే ముగ్గుకు ఎడమ కుడి, పైన కింద అన్న అంచనా కూడా కావాలి. మగపిల్లలకూ ముగ్గు గిన్నె అందించవచ్చు, వాళ్ళ వేళ్ళూ అలాంటివే. ఒలిచే గింజలు గాని పల్లీలు గాని చిన్నపిల్లల చేతికి ఇచ్చినప్పుడు పెద్దవాళ్ళు పక్కనే కూర్చోవాలి, అవి గొంతుకు అడ్డం పడే ప్రమాదముంది.

చదువు కంటితో మొదలవుతుందని అనుకుంటాం గాని అది చెవితో మొదలవుతుంది. కాకి, కారం, కాలు మూడూ ఒకే చప్పుడుతో మొదలవుతాయని, 'ఏనుగు'లో మూడు ముక్కలుంటే 'అరటిపండు'లో ఐదున్నాయని వినిపట్టగలిగిన పిల్లలకు, తర్వాత కంటికి కనబడే అక్షరం ఆ ముక్కల్లో ఒకదానికి గుర్తని ఇట్టే తెలుస్తుంది. తెలుగులో ఈ మేలు ఇంగ్లీషులో కంటే ఎక్కువ. ఇక్కడ రాసే ఒక్కో అక్షరం నోట్లో పలికే ఒక్కో ముక్కకు దాదాపుగా సరిపోతుంది. అందుకని చప్పట్లు కొడుతూ మాటను విడగొట్టే ఆట, 'మా'తో మొదలయ్యేవన్నీ చెప్పమనే ఆట, చివరి అక్షరంతో కొత్త మాట అందుకునే ఆట బస్సులో కూర్చుని కూడా ఆడుకోవచ్చు. వీటికి కాగితం అక్కర్లేదు, ఫోను అంతకన్నా అక్కర్లేదు.

కంటి దగ్గరికి వస్తే తెలుగుకు ఓపిక కావాలి. అక్షరాలు యాభై పైచిలుకు, వాటికి గుణింతాలు, ఆపైన వత్తులు కలిస్తే పిల్లలు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధనలో, పిల్లలకు అక్షర రూపాల మీద పట్టు రావడం మొదటి రెండు మూడు తరగతులతో ముగియక నాలుగో తరగతి దాకా సాగుతుందని తేలింది. ఇరవై ఆరు అక్షరాల ఇంగ్లీషు పక్కన పెట్టి, 'వీడికి ఏబీసీడీలు వచ్చేశాయి గాని తెలుగు ఎక్కడం లేదు' అని యూకేజీ పిల్లవాడి గురించి కంగారుపడటంలో అర్థం లేదు. లిపి పెద్దది, అంతే.

చెవితో పాటు నోరు. ఇంట్లో పిల్లలతో పెద్దవాళ్ళు మాట్లాడే మాటలు లెక్కవేస్తే సగానికి సగం ఆజ్ఞలే తేలతాయి: తిను, పడుకో, ముట్టుకోకు, త్వరగా రా. పిల్లల మాట ఎదిగేది ఆజ్ఞలతో కాదు, మాటకు మాట అందడం వల్ల. కూరలు తరుగుతుంటే నాలుగేళ్ళ పిల్ల వచ్చి "అమ్మా, బెండకాయకు వెంట్రుకలున్నాయి" అంటుంది. "ముట్టుకోకు, ఇంకా కడగలేదు" అంటే సంభాషణ అక్కడితో సరి. "అవునే, దాన్ని నూగంటారు. బుట్టలో ఇంకా దేనికుందో చూడు" అంటే ఆ పిల్ల సొరకాయ తడుముతుంది, టమాటా నున్నగా ఉందంటుంది, తొడిమ దగ్గర గుచ్చుకుంటోందంటుంది. అరనిమిషంలో నూగు, నునుపు, తొడిమ అనే మూడు మాటలు, పోల్చి చూడటమనే ఒక పని చేతికొచ్చాయి. బిడ్డ ఏదో ఒకటి విసరడం, పెద్దవాళ్ళు దాన్ని అందుకుని తిరిగి విసరడం అనే ఈ ఇచ్చిపుచ్చుకోవడమే మెదడులో మాటకు దారులు వేస్తుందని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని శిశు వికాస కేంద్రం ఏళ్ళుగా చెబుతూ వస్తోంది.

కథలు ఈ పనిని ఇంకో మెట్టు పైకి తీసుకెళతాయి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి తెచ్చిన ఏడు చేపల కథే చూస్తే, ఎండని చేప నెపం గడ్డిమేటు మీదికి, మేటు నుంచి ఆవు మీదికి, అలా మనుషుల మీదుగా చివరికి చీమ దాకా పోతుంది. ఎవరి తర్వాత ఎవరో మనసులో పెట్టుకోవాలి, ఒక్కొక్కటి ఎందుకు జరిగిందో ముడి వేసుకోవాలి. నాలుగోసారి వినేటప్పుడు పిల్లలు అమ్మమ్మ కంటే ముందే చెప్పేస్తారు. బడిలో పాఠం విని అర్థం చేసుకోవడానికి కావలసిన కసరత్తు ఇంతకంటే వేరే లేదు.

ఇంగ్లీషు మీడియంలో వేయబోతున్నామని ఇంట్లో తెలుగు మానేసి, తమకే సరిగా రాని ఇంగ్లీషులో పిల్లలతో నాలుగు ముక్కలు మాట్లాడే తల్లిదండ్రులు పట్టణాల్లో పెరిగారు. దీనివల్ల పిల్లలు పోగొట్టుకునేది తెలుగు ఒక్కటే కాదు, నిండైన మాటల మార్పిడి. మొదటి భాషలో చెప్పడం, అడగడం, వాదించడం వచ్చిన పిల్లలకు రెండో భాషలో కొత్తగా నేర్చుకోవాల్సింది మాటలే, ఆలోచన కాదు. ఇంట్లో గోండి, కోయ, సవర మాట్లాడే పిల్లల విషయంలో తెలుగే రెండో భాష అవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ ఇబ్బందిని గుర్తించి, గిరిజన భాషల్లోనే తెలుగు లిపితో వాచకాలు తెచ్చి, ఇంటి మాట నుంచి బడి మాటకు మెట్టు కట్టే ప్రయత్నం చేసింది.

లెక్కల సంగతి. వంద దాకా గడగడా చెప్పే పిల్లవాడి ముందు ఏడు చింతపిక్కలు పోసి ఎన్నున్నాయో చెప్పమంటే కొన్నిటిని రెండుసార్లు తాకుతాడు, ఒకదాన్ని వదిలేస్తాడు, తొమ్మిదంటాడు. అంకెల పేర్లు వరసగా చెప్పడం పాట, లెక్కించడం వేరే పని. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చొప్పున ఇవ్వాలి, చివర పలికిన అంకె మొత్తానిదని తెలియాలి. అవే పిక్కలను దూరం దూరంగా పరిస్తే ఎక్కువయ్యాయంటారు ఆ వయసు పిల్లలు. జ్యాఁ పియాజే ఎత్తి చూపిన ఈ పొరపాటు తెలివితక్కువతనం కాదు, వయసు లక్షణం. వామనగుంటల్లో గుంటకో గింజ వేసుకుంటూ పోవడం ఒక్కోదానికి ఒక్కోటి అన్న సూత్రానికి సరైన సాధన. ఇంట్లో ఎందరున్నారో అన్ని కంచాలు పెట్టమనడం మరో సాధన. అంకెలు వరసగా రాసిన గళ్ళ మీద పావు జరుపుకుంటూ ఆడే ఆట పేదింటి పిల్లల్లో అంకెల అవగాహనను మెరుగుపరిచిందని రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో అమెరికాలో చూపించారు. వేసవి మధ్యాహ్నాల్లో వైకుంఠపాళి పరిచే ఇళ్ళకు ఇది కొత్త విషయమేమీ కాదు.

వీటన్నిటికంటే బడిలో ఎక్కువ పనికొచ్చేది, ఇంట్లో తక్కువ పట్టించుకునేది ఆగడం. మనసులోకి రాగానే చెయ్యి చాచకుండా నిలవడం, చెప్పిన రెండు మూడు పనులు గుర్తుంచుకోవడం, ఒక పని నుంచి మరో పనికి గొడవ లేకుండా మళ్ళడం. ఈ మూడూ నుదుటి వెనక ఉండే మెదడు భాగం పనులు. ఆ భాగం అన్నిటికంటే నిదానంగా, యవ్వనం దాకా ఎదుగుతూనే ఉంటుంది. మనస్తత్వ పరిశోధకులు పిల్లల్లో దీన్ని కొలవడానికి వాడే పరీక్ష చూస్తే ముచ్చటగా ఉంటుంది. తల ముట్టుకోమంటే కాలి వేళ్ళు ముట్టుకోవాలి, కాలి వేళ్ళంటే తల ముట్టుకోవాలి. నాలుగేళ్ళ పిల్లల చెయ్యి సగం దాకా తల వైపు లేచి, గుర్తొచ్చి కిందికి మళ్ళుతుంది. ఆ మళ్ళడమే అసలు నైపుణ్యం. నేల-బండ ఆటలో 'నేల' కోరుకున్నాక బండ ఎక్కాలన్న తహతహను ఆపుకోవడం, దాగుడుమూతల్లో అంకెలు పూర్తయ్యేదాకా కళ్ళు తెరవకపోవడం ఇదే పని చేయిస్తాయి. తాము కల్పించుకున్న వేషానికి కట్టుబడే ఆటలు మరీ మేలు. గుజ్జనగూళ్ళలో అత్తగారైన పిల్ల ఆట ముగిసేదాకా అత్తగారిలాగే ఉండాలి. మధ్యలో ఏడుపొచ్చినా ఆపుకుంటుంది.

దీని విలువ ఎంతో పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగంలో కనబడింది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో 1962లో మొదలైన ఆ ప్రయోగంలో 123 మంది నల్లజాతి పేద పిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్రమే మంచి ప్రీస్కూలు ఇచ్చారు. టీచర్లు వారం వారం ఇళ్ళకు వెళ్ళి తల్లులతోనూ పనిచేశారు. తెలివితేటల పరీక్షల్లో ఆ పిల్లలు సాధించిన ఆధిక్యం కొన్నేళ్ళకే కరిగిపోయింది. ప్రయోగం విఫలమైందనుకున్నవాళ్ళూ ఉన్నారు. కాని నలభై ఏళ్ళ వయసులో లెక్క చూస్తే ప్రీస్కూలుకు వెళ్ళినవాళ్ళ సంపాదన ఎక్కువగా ఉంది, అరెస్టులు తక్కువగా ఉన్నాయి. పరీక్షలకు అందని పట్టుదల, నిగ్రహం, నలుగురితో కలిసే గుణమే ఈ తేడాకు కారణమని నోబెల్ పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్ వాదన. గుంపు చిన్నది, దేశం వేరు. అయినా మూడేళ్ళ పిల్లల ప్రోగ్రెస్ కార్డులు చూసి మురిసేవాళ్ళు ఒకసారి తెలుసుకోవలసిన సంగతి.

ఒంటి ఆరోగ్యం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు గాని విడిచిపెట్టడానికీ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువైన పిల్లలు మందకొడిగా ఉంటారు, దృష్టి నిలపలేరు. దాన్ని బద్ధకమనుకుంటే ఆకుకూరలు, గుడ్డు, డాక్టరు చెప్పిన ఐరన్ సిరప్ చేసే పని తిట్లు చేయాల్సి వస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, తెర ముందు గంటకు మించి కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఐదారేళ్ళకు డీపీటీ బూస్టర్ వేయించాలి. పిలిస్తే పలకని, టీవీకి అతుక్కుని చూసే పిల్లల చెవి, కన్ను బడిలో వేయకముందే చూపించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు వైద్య బృందాలు పరీక్షించాలన్న ఏర్పాటు ఉంది.

అంగన్‌వాడీ అనగానే గుడ్డు, బాలామృతం గుర్తొస్తాయి గాని దాని పుట్టుక చదువు దగ్గరే. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో 1920లో బాలమందిరం స్థాపించిన గిజుభాయ్ బధేకా దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్, తర్వాత అనుతాయి వాఘ్‌తో కలిసి మహారాష్ట్ర తీరంలోని బోర్డి, కోస్బాడ్ ప్రాంతాల్లో గిరిజన పిల్లల మధ్య పనిచేశారు. పిల్లలు బడికి రాలేకపోతే బడినే వాళ్ళ అంగణాలకు, అంటే వాకిళ్ళకు తీసుకెళ్ళారు. గవ్వలు, గింజలు, ఆకులు, మట్టి, అక్కడ దొరికినవే బోధనోపకరణాలు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధం వల్ల ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండిపోయిన మరియా మాంటిస్సోరి మన టీచర్లకు శిక్షణ ఇచ్చింది కూడా అలాంటి చేతి చదువులోనే. 1975 అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు దాని కేంద్రాలకు అంగన్‌వాడీ పేరే స్థిరపడింది. మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఆ పథకం సేవల్లో మొదటి నుంచీ ఉంది. రిజిస్టర్లు, సర్వేలు, ఫోన్ యాప్‌ల నడుమ టీచరుకు ఆట ఆడించే తీరిక ఎంత మిగులుతోందన్నది వేరే కథ.

ప్రైవేటు ప్రీస్కూలు చూడటానికి వెళ్ళినప్పుడు ఏసీ గది కంటే గోడ చూడటం మంచిది. అంటించిన ముప్పై బొమ్మలూ ఒకే ఆకారంలో, ఒకే రంగులో ఉంటే అవి టీచరు చేతి బొమ్మలు. ఇసుక, నీళ్ళు, చెక్కముక్కలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయో, బీరువాలో ఉన్నాయో గమనించాలి. నోటుబుక్కుల దొంతర ఎత్తుగా ఉంటే ఆలోచించాలి. పూర్వ ప్రాథమిక తరగతులకు పుస్తకాల సంచీ ఉండకూడదని, రెండో తరగతి దాకా హోంవర్క్ ఇవ్వకూడదని 2020 స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. ఎల్‌కేజీ పిల్లలకు రోజూ హోంవర్క్ రాయించి నిద్రపుచ్చే అమ్మల్లో ఈ మాట విన్నవాళ్ళు తక్కువ.

ఒకటో తరగతి ప్రవేశానికి పరీక్ష పెట్టడం నేరం. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం పిల్లలనే కాదు, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేసి వడపోసినా మొదటిసారి 25,000 రూపాయల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 దాకా జరిమానా పడుతుంది. నర్సరీ చేరికల దగ్గర ఈ రక్షణ ఇంత గట్టిగా లేదు. ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలని కేంద్రం రాష్ట్రాలను కోరుతోంది. ఐదేళ్ళకే చేర్చి ఒక ఏడు కలిసొచ్చిందనుకునే అలవాటు మన దగ్గర పాతదే గాని, చెయ్యి, చెవి, నిగ్రహం ఎదిగే తీరు చూస్తే ఆ ఏడు కలిసొచ్చేది కాదు.

అంగన్‌వాడీ గాని ప్రీస్కూలు గాని చూడకుండా నేరుగా ఒకటో తరగతికి వచ్చే పిల్లలూ ఉంటారు. వాళ్ళను దృష్టిలో పెట్టుకుని 2021 జులైలో విద్యా ప్రవేశ్ పేరుతో మూడు నెలల సన్నాహక కార్యక్రమం వచ్చింది. వాచకం తెరవకముందు మొదటి 12 వారాలూ ఒకటో తరగతిలో పాటలు, కథలు, ఇసుక, గింజలు, గుంపు ఆటలతో సాగాలన్నది దాని ఉద్దేశం. కొత్త గదికి, కొత్త టీచరుకు అలవాటు పడటం కూడా ఈ వారాల్లోనే జరగాలి. మొదటి రోజుల్లో తల్లి గుమ్మం దాకా వచ్చి, ఎప్పుడు తిరిగి వస్తుందో పిల్లలకు అర్థమయ్యేలా, గంట లెక్కలో కాకుండా 'అన్నం తిన్నాక' అని చెప్పి, ఆ మాట ప్రకారమే రావాలి. కన్నుగప్పి జారుకునే పద్ధతి ఆ పూటకు ఏడుపు తప్పిస్తుంది గాని మర్నాడు పిల్లలు కొంగు వదలరు. ఏడ్చే పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని చేతికి ఏదో ఒక పని ఇచ్చే టీచరు దగ్గర చాలామంది రెండు మూడు వారాల్లో కుదురుకుంటారు. నెల దాటినా తిండి, నిద్ర మానేసి బెంగపడుతుంటే బడిలో ఏం జరుగుతోందో కనుక్కోవాలి, అవసరమైతే పిల్లల డాక్టరుకు చూపించాలి.